గల్లాలో దొరికిన నాణెం, డబ్బిచ్చి కొనే నాణెం

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. కిరాణా దుకాణం. చిల్లరలో వచ్చే ముద్ర తప్పిన బిళ్లలు ఏరి దాచడం పదేళ్లుగా అలవాటు. ఇప్పుడు ఒకాయన తన దగ్గరున్న అలాంటి 60 నాణేలు రూ.1.8 లక్షలకు ఇస్తానంటున్నాడు. ఐదేళ్లలో మూడింతలు అవుతాయట. మాకున్న ఒకే ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్ రూ.2 లక్షలు. అది తీసి కొనమంటారా?

జవాబు: వద్దండీ. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది ఆ డిపాజిట్టే. దాన్ని కదపకండి.

మీరు పదేళ్లుగా చేస్తున్న పని మాత్రం నాకెంతో నచ్చింది. గల్లాలో ఏరిన ఐదు రూపాయల బిళ్ల మీకు ఐదు రూపాయలకే పడింది. ఎవరూ కొనకపోతే రేపు చిల్లరగా ఇచ్చేస్తారు, పైసా నష్టం లేదు. అదే బిళ్లను మూడు వేలు పెట్టి కొంటే? అమ్మాలనుకున్న రోజు కొనేవాళ్లు దొరకాలి, వాళ్లూ తమ లాభం చూసుకునే బేరమాడతారు. ఈలోగా వడ్డీ రాదు. ఐదేళ్లలో మూడింతలు కావాలంటే ఏటా దాదాపు 25 శాతం పెరగాలి. అంత పెరుగుతుందని పూచీ ఎవరిస్తారు?

ఇక ఆ 60లో ఏమున్నాయో చూడాలి. ముద్ర పక్కకు జరగడం, ఒకే బొమ్మ రెండోవైపు లోపలికి తిరగబడి పడటం (దీన్నే లఖీ అంటారు) ఆ ఒక్క నాణేనికి జరిగిన పొరపాట్లు. అచ్చులోనే తేడా ఉంటే అది ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెంలోనూ వస్తుంది. 1911 నాటి ఐదో జార్జి వెండి రూపాయినే తీసుకోండి. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవ కావడంతో 1912లో అచ్చు మార్చి తొండం స్పష్టంగా చెక్కారు. అందుకే ఆ 1911 రూపాయికి అంత గిరాకీ.

సంవత్సరం కింద ఉండే నక్షత్రం హైదరాబాద్ టంకశాలది, డైమండ్ ముంబైది, గుండ్రటి చుక్క (డాట్) నోయిడాది. కోల్‌కతాకు గుర్తే ఉండదు. వీటిని చూపించి తప్పు నాణెం అంటే నమ్మకండి. రెండు నాణేల్ని వైస్‌లో (వస్తువుల్ని గట్టిగా బిగించే ఇనుప పనిముట్టులో) బిగించి నొక్కి లఖీలు తయారుచేసేవాళ్లూ ఉన్నారు. అలాంటిదాన్ని భూతద్దంలో చూస్తే అసలు బొమ్మ నలిగి అడుగున కనిపిస్తుంది. పాత నాణేలకు లక్షలిస్తామంటూ ముందుగా ఫీజు అడిగే ఫోన్లు వస్తే పెట్టేయండి. తాము ఇలాంటి క్రయవిక్రయాలు చేయమని, ఫీజులు అడగమని ఆర్‌బీఐ 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

కొనాలన్న కోరిక అంత బలంగా ఉంటే నెలకు రూ.500 దుకాణం లాభంలోంచి పక్కన పెట్టండి. ముందు ఒక మంచి భూతద్దం, చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. తర్వాత ఏడాదికి ఒకటో రెండో నాణేలు, బిల్లుతో సహా.

ఆయన్ని ఒక్క మాట అడిగి చూడండి: "ఇందులో ఐదు నాణేలు నా దగ్గరే ఉన్నాయనుకోండి, ఇవాళ మీకు అమ్మితే ఎంతిస్తారు?" ఆయన చెప్పిన అంకె నాకు రాసి పంపండి.