నెలకు వెయ్యి రూపాయలతో వెండి స్మారక నాణేలు సేకరించొచ్చా?

నల్గొండలో ఉంటూ, నెలకు వెయ్యికి మించకుండా స్మారక వెండి నాణేలు కొనడం అయ్యే పనేనా, మింట్ (ప్రభుత్వ టంకశాల) వాళ్ల రేట్లు చూస్తేనే టెన్షన్ వస్తోంది అని అడిగావు కదా తమ్ముడూ. అవుతుంది. కొత్తగా విడుదలైన ప్రతిదానికీ ఎగబడితే మాత్రం కాదు. నేనూ ఇదే ఊళ్లో చిన్న జీతం మీద సేకరిస్తున్నవాణ్ణే.

ముందు వెండి లెక్క చూడు. 2023లో వచ్చిన ఎన్టీఆర్ 100 రూపాయల నాణెం మన హైదరాబాద్ మింట్‌లోనే తయారైంది. బరువు 35 గ్రాములు, అందులో వెండి సగమే, మిగతాది 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింక్. అంటే అసలు వెండి పదిహేడున్నర గ్రాములు. అప్పట్లో కిలో లక్ష చొప్పున వేసుకున్నా 1,750 రూపాయలే అయ్యేది, అమ్మిందేమో నాలుగు వేల పైన. ఆ మిగతాదంతా ముద్రకి, డబ్బాకి, మన మోజుకి. మోజు తప్పని అనను, అది నా దగ్గరా ఉంది, కానీ "వెండే కదా, ఎప్పుడైనా డబ్బే" అని ఇంట్లో చెప్పి మాత్రం కొనకు. అదే ఏడాది వచ్చిన కొత్త పార్లమెంటు 75 రూపాయల నాణెంలోనూ ఇదే మిశ్రమం. తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్ల సందర్భంగా తెచ్చిన 1000 రూపాయల నాణెంలో 80 శాతం వెండి ఉంది, రిజర్వ్ బ్యాంక్ 90 ఏళ్లకి 2024లో తెచ్చిన 90 రూపాయలదైతే 40 గ్రాములూ మేలిమి వెండే. కాబట్టి నాణెం మీద అంకెను పట్టించుకోకు, బరువెంత, వెండి ఎంత శాతం అన్నదే చూడు.

మింట్ నుంచే కొనాలనుకుంటే ప్రూఫ్ జోలికి పోకుండా యూఎన్‌సీ (మామూలు ముద్రతో, చెలామణిలోకి వెళ్లని నాణెం) తీసుకో. ప్రూఫ్ అద్దంలా మెరుస్తుంది నిజమే, కానీ లోపలి వెండి రెండింట్లోనూ ఒకటే. చెక్క డబ్బా అసలే వద్దు. కొన్ని నెలల డబ్బు కూడబెట్టి ఒకటి కొనుక్కో, చాలు.

నీ బడ్జెట్‌కి అసలు దారి పాతవి. 1969 గాంధీ శతజయంతి పది రూపాయల నాణెం 15 గ్రాములు, 80 శాతం వెండి, అంటే పన్నెండు గ్రాములు. 1972లో స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా తెచ్చిన పది రూపాయలది 22.5 గ్రాములు, అందులో సగం వెండి. 1964 నెహ్రూ రూపాయిని కూడా వెండిదని అంటగట్టేవాళ్లున్నారు, అది నికెల్, అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంటుంది. అయస్కాంతానికి అతుక్కోనంత మాత్రాన వెండి అని కూడా కాదు, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోదు. అందుకే జేబులో చిన్న డిజిటల్ తూకం ఉండాలి. ఇందాక చెప్పిన 35 గ్రాముల నాణేలు అడ్డంగా 44 మిల్లీమీటర్లు ఉంటాయి, రెండూ సరిపోకపోతే బేరమే ఆడకు.

ప్రకాశం బజార్ వైపు తెలిసిన దుకాణం ఒకటి చూసుకో. జనం పాత వెండి అమ్మడానికి తెచ్చినప్పుడు అందులో నాణేలు వస్తాయి, అవన్నీ కరిగించడానికే పోతాయి. పక్కన పెట్టి ఉంచమని సేటుకి ముందే చెప్పాలి. అలా పెట్టిన వాటిలోనే ఒకసారి పాత హారంలోంచి ఊడదీసిన హాలి రూపాయలు (నిజాం రాజ్యంలో నడిచిన వెండి రూపాయలు) దొరికాయి, ఒక్కోదానికి పైన కొక్కెం అతికి ఉంది. కొక్కెం ఉంటే సేకరించేవాళ్లు ముట్టుకోరు, కాబట్టి తూకం రేటుకే ఇచ్చాడు. ఇవి స్మారక నాణేలు కావు, ఒప్పుకుంటా, కానీ పదకొండు గ్రాముల చిల్లర బరువులో ఎనభై శాతం పైగా వెండి, పైగా మన ప్రాంతంలో చెలామణి అయినవి. నాణెం మీది చార్మినార్ బొమ్మలో కమాను కింద చూడు, ఉర్దూ "ఐన్" అక్షరం ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది, "మీమ్" ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, అదే, మన మహబూబ్‌నగర్‌కి పేరొచ్చిన నిజాం. ఆ అక్షరం కోసం భూతద్దం పట్టుకుని కూర్చోవడం నాకు కొత్త ప్రూఫ్ నాణెం కొన్నదానికంటే ఎక్కువ సరదా.

రామ దర్బార్ బొమ్మతో 1818 అని రాసిన "ఈస్టిండియా కంపెనీ నాణెం" చూపిస్తే నవ్వి వచ్చెయ్. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టు అనే ఫోన్లు కూడా అంతే, తన పేరు వాడుకుని చేసే ఈ మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2021లోనే హెచ్చరించింది.

ఇంకొకటి, ఇంట్లో అమ్మకి ముందే చెప్పిపెట్టు, చింతపండుతోనో విభూదితోనో తోమొద్దని. తళతళలాడుతుంది గానీ సన్నటి గీతలు పడి ధర సగానికి పడిపోతుంది. మెత్తటి పీవీసీ కవర్లలోనూ పెట్టకు, కొన్నాళ్లకి పచ్చటి జిగురు పడుతుంది. గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ కొని అందులో పెట్టు, పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకో.