శాట్ స్కోరా, జీపీఏనా? కాలేజీలు ముందు ఏది చూస్తాయి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా బాబు లెవెన్త్ గ్రేడ్. దాదాపు అన్నీ ఏ గ్రేడ్లే, జీపీఏ (గ్రేడ్ల సగటు) బాగుంది, క్లాసులో టాప్ 8 శాతంలో ఉన్నాడు. కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో మాత్రం 1380 దగ్గరే ఆగిపోయాడు. కంప్యూటర్ సైన్స్ చదవాలని, అదీ యూటీ ఆస్టిన్‌లో (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) చదవాలని వాడి కోరిక. వచ్చే ఏడాదికి తీసుకున్న ఏపీ ఫిజిక్స్ (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సు) మానేసి, శాట్ కోచింగ్‌లో కూర్చోమంటున్నారు వాళ్ల నాన్న. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. కాలేజీలు అసలు దేనికి ఎక్కువ విలువ ఇస్తాయి?

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఏపీ ఫిజిక్స్ మాన్పించకండి.

మనలో చాలామంది ఎంసెట్ రాసి వచ్చినవాళ్లం. చాలా ఏళ్లు అక్కడ ఎంసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. రెండూ కలిపితే ర్యాంకు, ర్యాంకును బట్టి సీటు. అమెరికాలో కూడా ఇలాంటి లెక్క ఒకటి ఉండే ఉంటుందని మీ వారు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ పేరున్న కాలేజీల్లో ఎక్కువ శాతం అలా లెక్కగట్టవు. దరఖాస్తు చదివేవాళ్లు ముందు ట్రాన్‌స్క్రిప్ట్ (హైస్కూల్ కోర్సులు, గ్రేడ్ల పట్టిక) తీస్తారు. దానితోపాటు మీ స్కూలు పంపే స్కూల్ ప్రొఫైల్ కూడా పక్కన ఉంటుంది. ఆ స్కూల్లో ఏయే ఏపీ కోర్సులు ఉన్నాయి, వాటిలో ఈ పిల్లవాడు ఏవి తీసుకున్నాడు, ఏవి వదిలేశాడు అన్నది అందులో తెలిసిపోతుంది. కంప్యూటర్ సైన్స్ కావాలనే పిల్లవాడు సీనియర్ ఇయర్‌లో, అంటే ట్వెల్త్ గ్రేడ్‌లో, ఫిజిక్స్ వదిలేస్తే అది కంటబడకుండా పోదు. శాట్‌లో ఇంకో 40 పాయింట్లు పెరిగినా ఆ లోటు పూడదు.

స్కోరుకు విలువ లేదని దీని అర్థం కాదు. ఆ విలువ కాలేజీని బట్టి మారిపోతుంది. బర్కిలీ, లాస్ ఏంజెలెస్ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు అడ్మిషన్ కోసం శాట్ స్కోరు అసలు చూడవు, పంపినా పక్కన పెడతాయి. వాటికి జీపీఏ, కోర్సులు, వ్యాసాలే ముఖ్యం. కరోనా కాలంలో పరీక్షను ఐచ్ఛికం చేసిన ఎంఐటీ 2022లోనే మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ అదే బాట పట్టాయి. యూటీ ఆస్టిన్ కూడా అదే ఏడాది మార్చిలో ఈ నిర్ణయం తీసుకుంది. కొలంబియా మాత్రం స్కోరు ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం అంటోంది.

ఇంత పెద్ద సంస్థలు ఇలా తలోదారి పట్టడానికి కారణం ఉంది. షికాగో ప్రభుత్వ స్కూళ్ల విద్యార్థులపై 2020లో వచ్చిన అధ్యయనం, కాలేజీ డిగ్రీ పూర్తి చేస్తారా లేదా అన్నది చెప్పడంలో హైస్కూల్ జీపీఏ ఏసీటీ (శాట్ లాంటి మరో ప్రవేశ పరీక్ష) స్కోరు కన్నా ఐదు రెట్లు బలమైన సూచిక అని తేల్చింది. డిగ్రీ పూర్తి చేయాలంటే రోజూ క్లాసుకు వెళ్లాలి, హోంవర్క్ చేయాలి, ఒక పరీక్ష పోయినా మళ్లీ పుంజుకోవాలి. నాలుగేళ్ల గ్రేడ్లలో కనిపించేది ఆ అలవాటే. ఇక హార్వర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల దరఖాస్తు పెట్టేవాళ్లలో ఎక్కువమందికి జీపీఏ 4.0 దగ్గరే ఉంటుంది. అందరి గ్రేడ్లూ ఒకేలా ఉన్నప్పుడు వాటితో తేడా పట్టుకోవడం కష్టం. అందుకే ఆ కాలేజీలపై 2024లో వచ్చిన పరిశోధనలో, మొదటి ఏడాది మార్కులను అంచనా వేయడానికి జీపీఏ కన్నా శాట్ స్కోరే చాలా మెరుగ్గా పనికొచ్చింది. రెండు అధ్యయనాలూ నిజమే. చూసిన పిల్లలు వేరు, అడిగిన ప్రశ్న కూడా వేరు.

ఇప్పుడు యూటీ ఆస్టిన్ సంగతి. టెక్సస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం క్లాసు ర్యాంకును బట్టి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. మామూలుగా అది టాప్ 10 శాతానికి. యూటీ ఆస్టిన్‌లో మాత్రం 2026 ఫాల్ ప్రవేశాల నుంచి టాప్ 5 శాతానికి తగ్గించారు. టెక్సస్ విద్యార్థుల సీట్లలో 75 శాతం దాకా ఇలాగే నిండిపోతాయి. 8 శాతంలో ఉన్న మీ బాబు మిగిలిన సీట్ల కోసం పోటీ పడాలి. అక్కడ స్కోరుకు నిజంగానే బరువుంటుంది. స్కోరు ఇంకా ఐచ్ఛికంగా ఉన్న 2024 ఫాల్ దరఖాస్తుల్లో, స్కోరు చూడమని కోరినవాళ్ల మధ్యస్థ స్కోరు 1420 అని ఆ యూనివర్సిటీయే ప్రకటించింది. పైగా నేరు ప్రవేశం వచ్చినవాళ్లకు కూడా కోరుకున్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఇస్తామన్న హామీ లేదు, కంప్యూటర్ సైన్స్‌కైతే పోటీ మరీ ఎక్కువ. అందుకే 1380ని పెంచుకోవాలన్న మీ వారి ఆలోచన సరైనదే. దానికోసం ఫిజిక్స్‌ను బలిపెట్టడమే సరికాదు.

ఆ స్కోరు పెంచే పనికి వేసవి పెట్టుకోండి. శాట్ ఇప్పుడు పూర్తిగా డిజిటల్, రెండు గంటల పావు కన్నా తక్కువే పడుతుంది. శాట్ రాసే బ్లూబుక్ యాప్‌లో పూర్తి ప్రాక్టీస్ టెస్టులు, ఖాన్ అకాడమీలో పాఠాలు ఉచితం. ముందు మార్కులు ఎక్కడ పోతున్నాయో బాబు చేతే రాయించండి. రీడింగ్‌లో పోతుంటే మ్యాథ్స్ కోచింగ్‌కు డబ్బు కట్టి లాభం లేదు. ఆగస్టులో ఒకసారి, అవసరమైతే అక్టోబరులో మరోసారి రాస్తే చాలు. 1380 కూడా చిన్న స్కోరు కాదు, దేశంలో శాట్ రాసే పదిమందిలో తొమ్మిదిమంది ఇంతకన్నా కిందే ఉంటారు. ఆ సంగతి వాడికి మీ నోటితో చెప్పండి.

మరో కాలేజీ గురించి తెలుసుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. ఆ కాలేజీ పేరుతో కలిపి కామన్ డేటా సెట్ అని వెతకండి. అందులో సీ7 అనే పట్టికలో కోర్సుల స్థాయి, జీపీఏ, క్లాసు ర్యాంకు, టెస్ట్ స్కోరు ఒక్కొక్కటీ ఎంత ముఖ్యమో ఆ కాలేజీయే గుర్తుపెట్టి చూపిస్తుంది. సీ9లో చేరినవాళ్ల స్కోర్లుంటాయి. స్కోరు ఐచ్ఛికమైన చోట, మీ బాబు స్కోరు వాళ్ల మధ్య స్కోరుకు దగ్గరగానో పైనో ఉంటే పంపండి, బాగా కిందుంటే పంపకండి.

టెక్సస్ ఏ అండ్ ఎం దరఖాస్తు మాత్రం మరవద్దు. అక్కడ టాప్ 10 శాతానికి నేరు ప్రవేశం ఇంకా ఉంది. నిర్ణీత కోర్సులు పూర్తిచేసి గడువులోగా దరఖాస్తు పెడితే మీ బాబు ర్యాంకుకు యూనివర్సిటీలో ప్రవేశం దొరుకుతుంది, మేజర్ విషయం విడిగా చూసుకోవాలి. దరఖాస్తులు మొదలయ్యేలోపు స్కూల్ కౌన్సెలర్ దగ్గర అధికారిక ర్యాంకు ఒకసారి ఖాయం చేసుకోండి.