కాన్ఫిగ్‌లో తప్పుంటే ఆపేయాలా, సర్దుకుపోవాలా? అల్లుడికి ఒక ఉత్తరం

అల్లుడూ,

మీ టీమ్‌లో నలుగుతున్న గొడవ సంగతి చదివాను. మీరు రాస్తున్న బ్యాకప్ సర్వీసు కాన్ఫిగ్ ఫైల్లో, అంటే సెట్టింగులు రాసే ఫైల్లో, కస్టమర్ ఏదైనా తప్పు రాస్తే లాగ్‌లో ఒక వార్నింగ్ పడేసి ముందుకు పోదామని సగం మంది, అసలు స్టార్టే కాకూడదని మిగతా సగం. నన్ను అడిగావు కాబట్టి సూటిగా చెబుతున్నాను. తప్పు కనిపిస్తే ఆగిపో. యూజర్ తనంతట తాను "ఇది లేకపోయినా పర్లేదు" అని రాసిచ్చినచోట మాత్రమే సర్దుకుపో. అయితే ఎప్పుడు ఆగాలో చూసుకోకుండా ఆగితే అది కూడా జనాన్ని ఏడిపిస్తుంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

లినక్స్‌లో సర్వీసుల్ని స్టార్ట్ చేసి నడిపించే సిస్టమ్‌డీలో 2017లో బయటపడ్డ ఒక సంగతి మీ టీమ్ అందరికీ చెప్పు. సర్వీసు ఎవరి పేరు మీద నడవాలో దాని యూనిట్ ఫైల్లో, అంటే సిస్టమ్‌డీ చదివే సెట్టింగుల ఫైల్లో, 'యూజర్=' అని రాస్తాం కదా. అక్కడ '0డే' అని అంకెతో మొదలయ్యే పేరు ఇస్తే ఏమైందో తెలుసా? సిస్టమ్‌డీ లెక్కలో అది చెల్లని పేరు. చెల్లదు కాబట్టి ఆ లైన్‌ని వదిలేసి, లాగ్‌లో ఒక ముక్క రాసి, సర్వీసుని నడిపించేసింది. యూజర్ లైన్ లేకపోతే డిఫాల్ట్ ఎవరు? రూట్, అన్ని అధికారాలూ ఉన్న ఖాతా. అంటే అధికారం తగ్గించమని రాసిన లైన్‌లో తప్పు దొర్లితే, ప్రోగ్రాం పూర్తి అధికారంతో నడిచింది. తాళం పడలేదని ఎవరికీ చెప్పకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయినట్టు. మొదట ఇది బగ్గే కాదన్నారు, దానికి సీవీఈ నంబర్ (భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు సంఖ్య) పడింది, చివరికి అలాంటి విలువ ఉంటే యూనిట్‌ని లోడ్ చెయ్యకుండా మార్చారు.

బగ్ కాదన్న సిస్టమ్‌డీ వాళ్ల వాదనలో పస లేదని అనను. ఒకే యూనిట్ ఫైల్ పాత వెర్షన్ మీదా కొత్త వెర్షన్ మీదా నడవాలి, కొత్తగా వచ్చిన సెట్టింగ్ పేరు పాతదానికి తెలియదు, తెలియని ప్రతి పేరుకీ ఆగిపోతే మెషీన్ బూట్ అవ్వడమే కష్టం. నిజమే. కానీ అది తెలియని పేరు సంగతి. ఇక్కడ పేరు తెలుసు, విలువే అర్థం కాలేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకు. అలాగని తెలియని పేరు ఎప్పుడూ ప్రమాదం లేనిదని కూడా అనుకోకు. 'ఎన్‌క్రిప్ట్' అని రాయబోయి 'ఎన్‌క్రిట్' అని కొట్టినా మీ ప్రోగ్రాంకి అది తెలియని పేరే, దాన్ని వదిలేస్తే కస్టమర్ డేటా ఎన్‌క్రిప్షన్ లేకుండా ఊరేగుతుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు కూడా.

అందుకని ప్రతి సెట్టింగ్ దగ్గరా ఒక ప్రశ్న వేసుకో: ఈ లైన్‌ని పట్టించుకోకపోతే, యూజర్ కోరుకున్నదానికంటే తక్కువ భద్రత ఉన్నచోట పడతామా? ఎన్‌క్రిప్షన్, ఎవరికి అనుమతి, ఎన్ని రోజుల బ్యాకప్‌లు ఉంచాలి, ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ అలాంటివే, వీటిలో మొహమాటం వద్దు. లాగ్‌లో రంగులు వేసే సెట్టింగ్ తప్పయితే వార్నింగ్ ఇచ్చి పో, కొంపలేమీ మునగవు.

అంకెల దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకో. సీ భాషలో రాతని అంకెగా మార్చే 'ఏటూఐ' ఫంక్షన్ ఉంది చూశావూ, దానికి చెత్త ఇస్తే సున్నా ఇస్తుంది, '512ఎం' ఇస్తే 512 ఇచ్చి ఎం అక్షరాన్ని నోరెత్తకుండా పారేస్తుంది. మెమరీ పరిమితి 512 మెగాబైట్లు అనుకున్నది 512 బైట్లయింది. అంతకంటే ఘోరం, చాలా ప్రోగ్రాంలలో సున్నా అంటే 'పరిమితి లేదు' అని అర్థం, అంటే స్పెల్లింగ్ తప్పు కాస్తా పరిమితి ఎత్తేసినట్టయింది. దాని బదులు 'స్ట్రటోల్' ఫంక్షన్ వాడి, చదవడం ఎక్కడ ఆగిందో చూసి, చివర ఒక్క అక్షరం మిగిలినా తిరస్కరించు. 'యెస్', 'ట్రూ', 'ఆన్' మూడింటినీ ఒకలాగే తీసుకోవడంలో తప్పులేదు, అక్కడ యూజర్ ఉద్దేశం గురించి అనుమానమే లేదు కదా.

మీ టీమ్‌లో ఎవరో ఒకరు పోస్టెల్ మాట ఎత్తుతారు, పంపేటప్పుడు కచ్చితంగా ఉండు, తీసుకునేటప్పుడు ఉదారంగా ఉండు అని. జాన్ పోస్టెల్ అది రాసింది 1980లో, ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి టీసీపీ గురించి. అవతలి కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాం నువ్వు దిద్దగలిగేది కాదు, దానితో మాట కలవాలంటే కొంత ఓర్చుకోక తప్పదు. కాన్ఫిగ్ రాసినవాడు అలా కాదు, ఫైల్ సేవ్ చేసి టెర్మినల్ ముందే కూర్చుని ఉన్నాడు, చెబితే అర నిమిషంలో దిద్దుకుంటాడు.

అసలు కిటుకు అక్కడే ఉంది అల్లుడూ. మనిషి కీబోర్డ్ దగ్గర ఉన్నప్పుడే తిరస్కరించాలి. తెల్లవారుజామున మెషీన్ రీబూట్ అయినప్పుడు మొదటిసారి తప్పు కనిపెట్టి సర్వీసు ఆగిపోతే, నీ కచ్చితత్వం ఆన్‌కాల్‌లో, అంటే రాత్రి ఫోన్ వస్తే లేచి చూడాల్సిన డ్యూటీలో, ఉన్నవాడికి టెన్షన్ తప్ప ఇంకేమీ ఇవ్వదు. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ చూడు, రీలోడ్ చెయ్యమంటే ముందు కొత్త కాన్ఫిగ్ చదువుతుంది, తప్పుంటే పాతదానితోనే నడుస్తూ ఉంటుంది, సైట్ పడిపోదు. 'ఎన్‌జిన్‌ఎక్స్ -టి' అని ముందే పరీక్షించుకోవచ్చు, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవ్వనిచ్చే ఎస్ఎస్‌హెచ్‌డీకీ అలాంటి '-టి' ఉంది. ఉబుంటులో 'నెట్‌ప్లాన్ ట్రై' ఇంకో అడుగు ముందుకేసింది, కొత్త నెట్‌వర్క్ సెట్టింగ్ పెట్టి 120 సెకన్లు చూస్తుంది, నువ్వు ఎంటర్ కొట్టకపోతే పాతదానికి తిరిగి వెళ్లిపోతుంది. మీ సర్వీసుకీ పరీక్షించే కమాండ్ ఒకటి పెట్టండి. కానీ అది వాడే పార్సర్ (కాన్ఫిగ్ చదివి అర్థం చేసుకునే భాగం), సర్వీసు వాడే పార్సర్ ఒకటే కోడ్ అవ్వాలి. వేరువేరుగా రాస్తే పరీక్షలో పాసై స్టార్ట్‌లో ఫెయిలవుతుంది, ఇక ఆ కమాండ్‌ని ఎవరూ నమ్మరు.

స్పెల్లింగ్ తప్పులే అసలు తప్పులని కూడా అనుకోకు. క్లౌడ్‌లో ఉబుంటు సర్వర్ తీసుకుని, పాస్‌వర్డ్ లాగిన్ వద్దని ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైల్ చివర 'పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో' అని రాస్తారు. అక్షరం పొల్లు పోదు, సర్వీసు హాయిగా స్టార్ట్ అవుతుంది, పాస్‌వర్డ్ లాగిన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఎస్ఎస్‌హెచ్‌డీ ఒక సెట్టింగ్‌కి మొదట కనబడిన విలువనే తీసుకుంటుంది, ఫైల్ పైభాగంలో వేరే ఫైళ్లని కలిపే ఇన్‌క్లూడ్ లైన్ వల్ల, సర్వర్‌ని మొదటిసారి సిద్ధం చేసే క్లౌడ్-ఇనిట్ రాసిన ఫైల్ ముందే చదివేసి ఉంటుంది, అందులో చాలాసార్లు 'యెస్' ఉంటుంది. ఏ పార్సరూ దీన్ని తప్పనదు. పెద్ద అక్షరం టీతో 'ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ' కొడితే చివరికి ఏ విలువలు అమలవుతున్నాయో మొత్తం చూపిస్తుంది, అది చూస్తే తప్ప బయటపడదు. మీరూ అలాంటిది ఇవ్వండి, ప్రతి విలువ ఏ ఫైల్ ఏ లైన్ నుంచి వచ్చిందో కూడా చూపిస్తే ఇంకా మంచిది.

ఇక సర్దుకుపోవడం. లినక్స్‌లో బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో 'నోఫెయిల్' అని రాస్తే ఆ డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు, రాయకపోతే డిస్క్ కోసం మామూలుగా 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళుతుంది. ఎస్ఎస్‌హెచ్‌లో 'ఇగ్నోర్‌అన్‌నోన్' ఉంది, ఫలానా పేర్లు నీకు తెలియకపోతే వదిలేయమని యూజరే చెబుతాడు. ఒకే ఫైల్ పాత, కొత్త వెర్షన్ల మీద నడవాలన్న ఇబ్బందికి మందు ఇదే. ఓర్పు ఎక్కడ కావాలో యూజర్‌కి తెలుసు, మీ కోడ్‌కి తెలియదు.

ఆపేటప్పుడు ఊరికే 'ఇన్‌వాలిడ్ కాన్ఫిగ్' అని ఆపకు, యూజర్ ఉసురు తగులుతుంది. ఏ ఫైలు, ఎన్నో లైను, ఏం రాసి ఉంది, ఏం రాయొచ్చు, ఇవన్నీ చెప్పు. 'ఎన్‌క్రిట్ అంటే నాకు తెలియదు, ఎన్‌క్రిప్ట్ అనబోయారా?' అని అడుగు, కానీ నువ్వే దిద్దేసి నడిపించకు. ఒక తప్పు చెప్పి ఆగిపోకుండా ఉన్నవన్నీ ఒకేసారి చెప్పు, పది తప్పులకి పదిసార్లు స్టార్ట్ చేయించకు.

పార్సర్ మొదలుపెట్టే ముందు మీ సెట్టింగులన్నీ ఒక షీట్‌లో రాసి, ఒక్కోదాని పక్కన అది తప్పయితే డేటాకి ఏమవుతుందో ఒక వాక్యం రాసి నాకు పంపు. ఆదివారం కూర్చుని చూస్తాను.

నీ మావయ్య