‘గాలనెడు’ నీళ్లు అనవచ్చా?

సందేహం: విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మిద్దె తోట పెంచుతున్నాం. అమెరికా నుంచి మా అబ్బాయి తెచ్చిన వేపనూనె సీసా మీద గాలను నీటికి రెండు టేబుల్ స్పూన్లు కలపమని ఉంది. పుల్లమజ్జిగ చల్లడానికి మా అత్తగారు ‘మానెడు నీళ్లకు గిద్దెడు’ అంటారు. తోటివారి కోసం వేస్తున్న కరపత్రంలో ఈ కొలతలను ఎలా రాయాలి? ‘మానెడు’ ఉన్నట్టే ‘లీటరెడు’, ‘గాలనెడు’ అనవచ్చా?

సమాధానం: అనకూడదు. ‘ఎడు’ పరిమాణాన్ని తెలిపే ప్రత్యయం. అది ఎక్కువగా చేతికి అందే కొలతలకు అతుకుతుంది. చెంబెడు, బిందెడు, గంపెడు అన్నప్పుడు పాత్ర కళ్లెదుట ఉంటుంది. చారెడు, గుప్పెడు, దోసెడు అన్నప్పుడు చెయ్యే పాత్ర. జానెడు, మూరెడు, బారెడు కూడా ఒంటితో కొలిచినవే. పూర్ణా మార్కెట్లో మల్లెలు కొనేవారికి మూరెడు అంటే ఎంతో చెప్పనక్కరలేదు. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం అనేవి కొలతల పేర్లే కాదు, ఆ కొలపాత్రల పేర్లు కూడా. అందుకే గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు పుట్టాయి. లీటరు, గాలను మనకు అంకెలుగానే వచ్చాయి కాబట్టి ‘లీటరు నీళ్లు’, ‘గాలను నీళ్లు’ అంటే చాలు.

ఒకటి దాటితే సాధారణంగా ఈ ‘ఎడు’ ఉండదు. రెండు చెంబుల నీళ్లు అంటాం, రెండు చెంబెడు నీళ్లు అనం. గుప్పెడు, దోసెడు మాత్రం అచ్చంగా నామవాచకాలై స్థిరపడి, రెండు గుప్పెళ్లు, రెండు దోసెళ్లు అయ్యాయి. లీటర్ల విషయంలో రాతలో ‘రెండు లీటర్ల నీళ్లు’ అనండి. ‘రెండు లీటర్లు నీళ్లు’ మాటల్లో వినిపించేదే గానీ అచ్చులో పొసగదు.

ఇక లెక్క. మీ అత్తగారి మాట చాలా పక్కాగా ఉంది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అంటే మానికకు పదహారు గిద్దలు. మానిక పరిమాణం ఊరికో తీరుగా ఉండేది, కానీ గిద్దా దానితోపాటే మారేది కాబట్టి పాళ్లు చెదరవు. ఒక వంతు మజ్జిగకు పదహారు వంతుల నీళ్లు. లీటరు నీటికి సుమారు 60 మిల్లీలీటర్లు.

సీసా మీది మాటతోనే జాగ్రత్త అవసరం. అమెరికా గాలను 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలను 4.546 లీటర్లు. మీ సీసా అమెరికాది కాబట్టి మొదటిదే వర్తిస్తుంది. టేబుల్ స్పూను సుమారు 15 మిల్లీలీటర్లు, రెండు కలిపి 30. ఆ లెక్కన లీటరుకు 8 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. దీన్ని ‘రెండు చెంచాలు’ అని మాత్రం తెలుగు చేయకండి. మన చెంచా టీ స్పూనూ కావచ్చు, పెద్ద గరిటె చెంచా కూడా కావచ్చు. టీ స్పూను 5 మిల్లీలీటర్లే. ఒకదాని బదులు మరొకటి తీసుకుంటే మందు మూడింతలవుతుంది, లేదా మూడో వంతుకు పడిపోతుంది. నూనె మోతాదు మించితే మన ఎండకు ఆకు మాడిపోతుంది.

విభక్తిని కూడా చూసి వేయండి. ‘లీటరు నీటిలో 8 మిల్లీలీటర్లు కలపండి’ అంటే ఒక్కసారి చేసే పని. ‘లీటరు నీటికి 8 మిల్లీలీటర్ల చొప్పున’ అంటే నిష్పత్తి. ఐదు లీటర్ల డబ్బా ఉన్నవారు 40 అని తామే వేసుకుంటారు. కరపత్రానికి కావలసింది ఇదే.

మందుల దగ్గర మిల్లీలీటర్లే రాయండి, నీళ్లు పోసే దగ్గర ‘ఎడు’ను నిస్సంకోచంగా వాడండి. ఇలా ఉంటే బాగుంటుంది: “వేపనూనెను లీటరు నీటికి 8 మిల్లీలీటర్ల చొప్పున, ముందుగా కొద్దిగా సబ్బునీటితో చిలికి, ఎండ తగ్గాక చల్లండి. పొద్దున్నే కుండీకి చెంబెడు నీళ్లు పోయండి.”