క్యూజీఐఎస్‌లో ఐడీడబ్ల్యూ, టిన్, స్ప్లైన్: బోర్ల నీటిమట్టం మ్యాప్‌కి దేన్ని నమ్మాలి?

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో, బోర్ల మధ్య కొలవని చోట్ల నీటిమట్టాన్ని అంచనా కట్టడాన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు. అవే బోర్లు, అవే కొలతలు, అయినా ఐడీడబ్ల్యూ (దగ్గరి బోరుకు ఎక్కువ బరువిచ్చే సగటు) ఒకటి, టిన్ (బోర్లను త్రిభుజాలుగా కలిపే పద్ధతి) ఒకటి, గ్రాస్ అనే సాఫ్ట్‌వేర్‌లోని స్ప్లైన్ (బోర్ల మీదుగా నున్నటి వంపు గీసే పద్ధతి) టూల్ వి.సర్ఫ్.ఆర్‌ఎస్‌టీ ఒకటి చూపిస్తున్నాయి, ఏది సరైనది అని అడిగారు. నల్గొండ వైపు గ్రానైట్ నేలలో నేనూ ఇదే పని చేశాను. నున్నగా, అందంగా ఉందని స్ప్లైన్ మ్యాప్ తీసుకున్నాను. తర్వాత రాస్టర్‌లో (చిన్న గడులుగా వచ్చే మ్యాప్‌లో) నీటి లోతు కనిష్ఠ విలువ చూస్తే మైనస్‌లో ఉంది. అంటే నడి ఎండాకాలంలో నీళ్లు నేల పైకి వచ్చాయన్నమాట! బోర్లు దూరం దూరంగా ఉన్నచోట స్ప్లైన్ ఇలా హద్దు దాటుతుంది. ఐడీడబ్ల్యూ మీరిచ్చిన కనిష్ఠ, గరిష్ఠ విలువలు దాటదు, కానీ ఒక్కో బోరు చుట్టూ గుండ్రటి మచ్చలు వేస్తుంది. టిన్ అంచున ఉన్న బోర్లతోనే ఆగిపోతుంది, వాటి అవతల ఏమీ చూపదు.

అందుకే కంటితో తేల్చకండి. ప్రతి పది బోర్లలో రెండింటిని ర్యాండమ్‌గా పక్కన పెట్టి, మిగతావాటితో సర్ఫేస్ (అంచనా మ్యాప్) చేయండి. పక్కన పెట్టిన బోర్ల దగ్గర సర్ఫేస్ ఏం చెబుతోందో 'శాంపుల్ రాస్టర్ వాల్యూస్' టూల్‌తో తీసి, అసలు కొలతతో పోల్చి ఆర్‌ఎంఎస్‌ఈ (అంచనా సుమారుగా ఎంత తప్పుతోందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) లెక్కగట్టండి. బోర్లను మారుస్తూ నాలుగైదు సార్లు చేయాలి, ఒక్కసారి వచ్చిన అంకె అదృష్టం కావచ్చు. ముప్పై బోర్లే ఉంటే ఇలా పక్కన పెట్టడం కష్టం. అప్పుడు వి.సర్ఫ్.ఆర్‌ఎస్‌టీలో క్రాస్ వాలిడేషన్ ఆప్షన్ పెట్టండి, ఒక్కో బోరును వదిలేసి అదే లెక్క చూస్తుంది. టెన్షన్ (సర్ఫేస్ ఎంత బిగువుగా ఉండాలో), స్మూతింగ్ (కొలతల నుంచి ఎంత పక్కకు జరగనివ్వాలో) విలువలు కూడా దాంతోనే ఎంచుకోండి. పక్క పొలంలో మోటారు నడుస్తుండగా తీసిన కొలతలుంటే స్మూతింగ్ సున్నా పెట్టొద్దు, ఆ తప్పుడు కొలతను కూడా సర్ఫేస్ అంటిపెట్టుకుని ఉంటుంది.

టూల్ కన్నా నాకు ఎక్కువ తేడా తెచ్చింది ఇంకొకటి. మొదట నేను నేల నుంచి నీటి లోతునే ఇంటర్‌పొలేట్ చేశాను. గుట్ట మీద బోరుకీ చెరువు కింద బోరుకీ మధ్య లోతు నేల ఎత్తుపల్లాలను బట్టి మారిపోతుంది, దూరాన్ని బట్టి కాదు. నేల ఎత్తులోంచి లోతు తీసేసి, సముద్రమట్టం నుంచి నీటి ఎత్తును ఇంటర్‌పొలేట్ చేశాక తేడాలు బాగా తగ్గాయి. నేల ఎత్తుకు వాడే ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన డేటా) ఎత్తుల్లోనే కొన్ని మీటర్ల తప్పు ఉండొచ్చు కాబట్టి, వీలైతే బోర్ల దగ్గర డీజీపీఎస్ (మామూలు జీపీఎస్ కన్నా కచ్చితమైనది) ఎత్తులు తీసుకోండి.

లేయర్ ఇంకా అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంటే ముందు దూరాలను మీటర్లలో కొలిచే పద్ధతిలోకి, నల్గొండ వైపు అయితే యూటీఎం 44ఎన్, అంటే ఈపీఎస్‌జీ కోడ్ 32644లోకి మార్చండి. డిగ్రీల్లో ఉంచి లెక్కించిన దూరాలతో ఈ టెస్టులేవీ చేయొద్దు.