ఊళ్లో పోలీస్ స్టేషన్ మూసేశారట… అమ్మాయి ఒక్కతే ఉంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఐర్లాండ్‌లో కేవన్ కౌంటీలో ఒక చిన్న పల్లెలో నర్సింగ్ హోమ్ నర్సు. ఊరి చివర అద్దె ఇంట్లో ఒక్కతే ఉంటోంది, ఎక్కువగా నైట్ డ్యూటీలు. ఆ ఊరి పోలీస్ స్టేషన్ ఎప్పుడో మూసేశారట, ఏదైనా అయితే పక్క టౌన్ నుంచి రావాలట. ఈ మాట విన్నప్పటి నుంచి మా ఇద్దరికీ ఒకటే టెన్షన్. మీరు పోలీసు శాఖలో చేసినవారు. అమ్మాయికి ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజమే. అక్కడ పోలీసులను గార్డా అంటారు. 2012, 2013లలో ఐర్లాండ్ ప్రభుత్వం 139 గార్డా స్టేషన్లు మూసేసింది. అప్పుడు దేశం అప్పుల్లో కూరుకుపోయి ఉంది. మూతపడ్డవాటిలో చాలా వరకు ఒక్క గార్డాతో, రోజుకు కొద్ది గంటలు మాత్రమే నడిచేవి. ఆ మనిషిని కుర్చీలోంచి లేపి పెట్రోలింగ్‌కు పంపితే మేలని ప్రభుత్వం వాదించింది. తీరా ఇన్ని స్టేషన్లు మూస్తే మిగిలేది ఏడాదికి సుమారు 5.5 లక్షల యూరోలేనని తేలింది. అంత చిన్న మొత్తానికి చేయాల్సిన పని కాదని నా గట్టి అభిప్రాయం.

ఎందుకో చెబుతాను. నేను కరీంనగర్ జిల్లాలో ఎస్సైగా ఉన్నప్పుడు మా బీట్ కానిస్టేబుల్ ఏ ఊరికి వెళ్లినా ముందు కిరాణా కొట్టు దగ్గర బండి ఆపేవాడు. కొట్టు నడిపే ఆమె చక్కెర తూకం వేస్తూనే, "నంబరు లేని ఆటో ఒకటి నిన్నటి నుంచి చెరువు కట్ట మీద తిరుగుతోంది సారూ" అని చెప్పేది. అదే మాట చెప్పడానికి ఆమె 100కు ఫోన్ చేయదు. ఇంత చిన్నదానికి ఎందుకులే అనుకుంటుంది. ముఖపరిచయం ఉన్న మనిషి కనబడితేనే నోరు విప్పుతుంది. 1984లో పోలీస్ పటేళ్లను రద్దు చేసినప్పుడు మన ఊళ్లలోనూ ఇలాంటి దారే ఒకటి తెగిపోయింది. వాళ్ల పెత్తనాన్ని నేను వెనకేసుకురాను, అది పోవడమే మంచిది. కానీ ఊరి కబురు స్టేషన్‌కు చేరే కొత్త దారి వేసుకోవడానికి మా శాఖకు చాలా కాలం పట్టింది.

ఐర్లాండ్ పల్లెలు ఆ దారిని కొంత తామే వేసుకున్నాయి. 2013లో మొదలైన టెక్స్ట్ అలర్ట్ అనే ఏర్పాటు ఉంది. చుట్టుపక్కల అనుమానాస్పదంగా ఏదైనా కనిపిస్తే గార్డా నుంచి ఊరి గ్రూపు బాధ్యుడికి మెసేజ్ వస్తుంది. ఆయన అందరికీ పంపుతాడు. మీ అమ్మాయిని పక్కింటివాళ్లను అడిగి అందులో చేరమనండి. ఒక్క జాగ్రత్త: తను ఏదైనా చూస్తే ముందు గార్డాకు ఫోన్ చేయాలి, గ్రూపు తర్వాత.

అన్నిటికంటే ముఖ్యం ఎయిర్‌కోడ్. ఆ పల్లెల్లో చాలా ఇళ్లకు నంబర్లు ఉండవు. 2015 నుంచి ప్రతి ఇంటికీ విడిగా ఏడు అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ ఇచ్చారు. చీకట్లో, వానలో టౌన్ నుంచి వచ్చే బండి నేరుగా గుమ్మం ముందు ఆగేది దానితోనే. కంగారులో కంఠస్థం చేసినవి కూడా గుర్తుకు రావు, కాబట్టి కాగితం మీద పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించమనండి. అత్యవసరమైతే 999 గానీ 112 గానీ చేయాలి.

సెలవు రోజున ఒకసారి పక్క టౌన్ స్టేషన్‌కు వెళ్లి, "నేను ఫలానా ఇంట్లో ఉంటాను, రాత్రి డ్యూటీలు చేస్తాను" అని పరిచయం చేసుకోమనండి. జంకక్కర్లేదు. అక్కడ మామూలుగా యూనిఫాంలో తిరిగే గార్డాల దగ్గర తుపాకీ కూడా ఉండదు, వాళ్లు పనిచేసేదే జనం నమ్మకం మీద. ఆ ఊరివాళ్లు స్టేషన్ తిరిగి కావాలని అర్జీ పెడితే తనూ సంతకం చేయవచ్చు. 2017లో మళ్లీ తెరుస్తామని ప్రకటించిన ఆరు స్టేషన్లలో కేవన్ కౌంటీలోని బాన్‌బాయ్ ఒకటి.

ఇక మీ సంగతి. అమ్మాయి ఫోన్ ఎత్తలేదని మీరు జగిత్యాలలో 112 నొక్కితే అది మన తెలంగాణ పోలీసులకే వెళ్తుంది. ఆ టౌన్ స్టేషన్ ల్యాండ్‌లైన్ నంబరు, ముందు ప్లస్ 353తో, ఇంటి ఎయిర్‌కోడ్‌తో సహా ఈ రోజే తెప్పించుకొని మీ ఇద్దరి ఫోన్లలో వేసుకోండి. ఇంటి ఓనరుదీ, డ్యూటీలో ఉండే తోటి నర్సుదీ నంబర్లు కూడా తీసుకోండి. చాలాసార్లు స్టేషన్ కంటే ముందు వాళ్లే తలుపు తడతారు.