స్పేస్ స్టేషన్‌ని ఒకేసారి పంపాలా, ముక్కలుగా పంపి పైన కలపాలా?

భారీ రాకెట్లు వస్తున్నాయి కదా, ఇంకా మాడ్యూళ్లుగా, అంటే విడివిడి గదులుగా పంపి కక్ష్యలో కలపడం దేనికి అని మీరు అడిగారు. కొన్నేళ్లు నేను క్యాబిన్ నమూనాల మీద పనిచేశాను. కేబుళ్లు ఏ దారిన పోవాలో చూడటమే నా పని. నా ఓటు మాడ్యూళ్లకే, కానీ అది రాకెట్ సైజుతో సంబంధం లేని కారణంతో.

ఒకేసారి పంపడంలో సుఖం ఉంది, కాదనను. 1973 మేలో అమెరికా స్టేషన్ స్కైలాబ్‌ని ఒక్క ప్రయోగంతో పంపేశారు. వైరింగ్, పైపులు అన్నీ నేల మీదే బిగించి పరీక్షించుకోవచ్చు. అదే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్) కట్టడానికి 40కి పైగా ప్రయోగాలు పట్టాయి. కాకపోతే స్కైలాబ్ పైకి వెళ్తుండగానే ఉల్కల నుంచి కాపాడే కవచం ఊడిపోయింది. పోతూ పోతూ ఒక సోలార్ రెక్కను తీసుకుపోయింది, రెండోది విచ్చుకోకుండా ఇరుక్కుంది. లోపల వేడి విపరీతంగా పెరిగింది. తర్వాత వెళ్లిన ముగ్గురు, ప్రయోగ పరికరాల కోసం ఎండవైపు పెట్టిన చిన్న ఎయిర్‌లాక్ (లోపలి గాలి పోకుండా బయటికి తెరుచుకునే దారి) లోంచి గొడుగులాంటి తెరను బయటికి తోసి విప్పారు. ఆ దారి సరిగ్గా ఆ వైపే ఉండటం అదృష్టమనే చెప్పాలి. ఉన్నది ఒకటే ముక్క కాబట్టి దెబ్బ తగిలితే మొత్తానికీ తగులుతుంది.

ముక్కలుగా కడితే పాడైన గదిని మూసేసి మిగతా చోట బతకొచ్చు. 1997 జూన్‌లో రష్యా స్టేషన్ మీర్‌లో జరిగింది ఇదే. సరుకుల నౌక ప్రోగ్రెస్ అదుపు తప్పి స్పెక్టర్ మాడ్యూల్‌ని ఢీకొట్టింది, గాలి లీకవడం మొదలైంది. తలుపు మూద్దామంటే దాని గుండా బోలెడు కేబుళ్లు వెళ్తున్నాయి! అక్కడున్న వ్యోమగాములు లాజుట్కిన్, ఫోల్ హడావుడిగా వాటిని ఊడదీసి, ఊడని దాన్ని కోసి, ఇవతలి నుంచి ఒక మూత పెట్టారు. లీకవుతున్న గాలే ఆ మూతను అదిమిపట్టింది. ప్రాణాలు దక్కాయి, కానీ ఆ కేబుళ్లతో పాటు స్టేషన్ కరెంటులో పెద్ద వాటా పోయింది. ఆగస్టులో కనెక్టర్లు బిగించిన ప్రత్యేక తలుపు తెచ్చి పెట్టాకే స్పెక్టర్ ప్యానెళ్ల నుంచి కొంత కరెంటు మళ్లీ వచ్చింది.

నమూనాల దగ్గర నేను పదే పదే చూసిందీ ఇదే. మొదటి డ్రాయింగ్‌లో తలుపు దారి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. తర్వాత ఎవరికో ఒక ఫ్యాన్ కావాలి, ఇంకొకరికి ఒక సెన్సర్. దగ్గరి దారి తలుపే కాబట్టి వైరు అటే లాగుతారు. 'తాత్కాలికమే' అంటారు. ఆ తాత్కాలికం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అందుకే డిజైన్లు పోల్చేటప్పుడు నేను బరువు, ఖర్చు కంటే ముందు అడిగేది ఒకటే: అన్నీ అమర్చాక, చీకట్లో, టెన్షన్‌లో, ఈ తలుపు మూతపడుతుందా?

ఐఎస్ఎస్ అమెరికన్ భాగంలో దీన్ని బాగా ఆలోచించారు. రెండు మాడ్యూళ్ల తలుపుల మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. కరెంటు, నీటి లైన్లు తలుపులోంచి కాకుండా దాని చుట్టూ ఉన్న గోడలోంచి వచ్చి ఆ ఖాళీలో కలుస్తాయి. తలుపు వెడల్పు దాదాపు 127 సెంటీమీటర్లు, ఫ్రిజ్ అంత ర్యాకులు కూడా పడతాయి. నౌకలు వచ్చి అతుక్కునే మామూలు డాకింగ్ పోర్టులో దారి 80 సెంటీమీటర్లే.

మాడ్యూళ్లకూ శాపం ఉంది: అతుకులు. ప్రతి అతుకు దగ్గరా సీళ్లు, ప్రతి సీలూ లీకవగలదు. అతుకు దాకా ఎందుకు, 2000లో వెళ్లిన ఐఎస్ఎస్ రష్యన్ మాడ్యూల్ జ్వెజ్దాకు వెనక ఉన్న చిన్న సొరంగం గోడే కొన్నేళ్ల పాటు పగుళ్లతో గాలి వదిలింది. అవసరం లేనప్పుడు దాని తలుపు మూసి ఉంచుతూ స్టేషన్‌ని నడిపారు.

కాబట్టి భారీ రాకెట్ చేతికొస్తే నేనైతే దాన్ని మాడ్యూళ్ల సంఖ్య తగ్గించడానికి వాడతాను, ఒక్కటి చేయడానికి కాదు. మూడు పెద్ద గదులు, వేటికవే కరెంటు, గాలి శుద్ధి, ఒక డాకింగ్ పోర్టు ఎప్పుడూ ఖాళీ. గాలితో ఉబ్బే గదుల గురించి కూడా అడిగారు. 2016లో ఐఎస్ఎస్‌కి తగిలించిన బీమ్ అనే అలాంటి గది బాగానే నిలిచింది, అయితే దాన్ని వాడింది ఎక్కువగా సామాన్లు దాచుకోవడానికే.